కుండలో గులకరాయి

సాగర్ కాలువ కొత్తగా వచ్చిన రోజులు. మిర్యాలగూడ నుంచి హాలియా పోయే బస్సులో, మర్నాడు పిల్లలకు చెప్పాల్సిన గ్రీకుల పాఠం చదువుకుంటున్నాను.

"ఏం సదువుతున్నవ్ సారూ?" పక్క సీట్లోని తండా ఆవిడ అడిగింది.

"ఓట్లు ఈ గ్రీకుల దగ్గర్నే మొదలైనయమ్మా. వేల ఏండ్ల కింద కుండల గులకరాళ్లేసి ఓటేసేటోళ్లు."

"మా తండాల గూడ గంతే. కాల్వ నీళ్లు పంచెటోణ్ని గట్లనే ఎన్నుకుంటం."

పాఠంలోని వేల ఏళ్లు నా పక్కనే కూర్చున్నాయి.

"గాడ ఆడోళ్లు గూడ రాయేసేటోళ్లా?"

ఎన్నిసార్లు ఆ పాఠం చెప్పినా నాకు తట్టని ప్రశ్న అది. "లేదమ్మా."

"మేమేస్తం," అని నిడమనూరులో దిగిపోయింది.

మర్నాడు తరగతికి కుండ, గులకరాళ్లు తీసుకెళ్లాను. మొదటి రాయి ఒక ఆడపిల్ల చేతికిచ్చాను.