వట్టిగా తిరిగే మోటారు

కుందుర్పి దగ్గర మా చేన్లో మూడు బోర్లు వేయించి, మూడూ ఎండిపోతే మూడింటికీ ఒక దండం పెట్టి, నలభై అయిదో ఏట ఫ్యాక్టరీలో చేరాను. కార్లలో కాళ్ల కింద పరిచే రబ్బరు చాపలు అచ్చుపోసే చోటు అది. ఆ అచ్చులను వేడిగా ఉంచడానికి ఒక మిషను ఉంది. హీటరు నూనెను కాగబెడుతుంది, పంపు దాన్ని గొట్టాల్లో తిప్పుతుంది. అది చూసుకోవడమే నా పని. నెల రోజులు సరిగ్గా చూసుకుంటే ఉద్యోగం ఖాయం అన్నారు.

నడపడం చిటికెలో వచ్చేసింది. ఆపడమే రాలేదు.

సాయంత్రం ముందు హీటరు ఆపాలి. పంపు మాత్రం తిరుగుతూనే ఉండాలి. నూనె డెబ్బై డిగ్రీలకు దిగాకే దాన్ని ఆపాలి. అందుకు గంట పైనే పడుతుంది. పని అయిపోయింది, మనుషులు చేతులు కడుక్కుంటున్నారు, మోటారు మాత్రం తిరుగుతోంది! నేనేమో ఇరవై ఏళ్లు బోరు దగ్గర బతికినవాణ్ణి. నీళ్లు తెగి మోటారు వట్టిగా తిరిగితే కాలిపోతుందని, తింటున్న ముద్ద వదిలేసి స్టార్టరు దగ్గరికి పరుగెత్తినవాణ్ణి. నా చెయ్యి నా మాట వింటుందా? టక్కున ఆపేసేది. వెంటనే అలారం కుయ్యోమనేది.

రెండోసారి అలారం మోగినప్పుడు సూపర్‌వైజరమ్మ ఉరుకుతూ వచ్చింది.

"ఏమన్నా, మళ్లా ఆపినావా? హీటరు ఆపినా అది ఇంకా కాలుతానే ఉండాది. నూనె కదలకుండా నిలిస్తే ఆడికాడికే మాడిపోతాది. హీటరూ పోతాది."

"వట్టిగా తిరుగుతాంటే పాణం ఒప్పుకోదు మేడం."

"వట్టిగా యాడ తిరుగుతాండాది? లోపల నూనె ఉండాది గదా! ఇంగొక్కసారి ఆపితే నీ చోట్లో ఇంగొకర్ని పెడతా."

వయసులో నాకంటే చాలా చిన్నది. అయినా "సరే మేడం" అన్నాను. ఈ పని పోతే పెళ్లాంబిడ్డలతో బెంగళూరు కూలికి పోవాల్సిందే.

ఆ రోజు నుంచి చేతుల మీద కూర్చున్నాను. నిజంగానే, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, మోటారు చప్పుడు వినబడకుండా చెవుల్లో దూది కుక్కుకుని, స్టూలు మీద. ముక్కు దురద పెడితే భుజానికి రుద్దుకునేవాణ్ణి. "ఏమప్పా, ఏమన్నా మొక్కుండాదా?" అని అడిగాడు పక్క మిషను ఆయన.

నెల ఆఖరి రోజు హీటరు ఆపి, అలాగే కూర్చున్నాను. నూనె ఇంకా నూట అరవైలో ఉంది. ఉన్నట్టుండి కరెంటు పోయింది. మోటారు నిలిచింది. అందరూ గాలి కోసం బయటికి నడిచారు. నేను ఆపకపోయినా నేనే ఆపానంటారు! జనరేటరు షెడ్డుకు పరుగు తీశాను. ఒక చెప్పు దారిలోనే ఉండిపోయింది. జనరేటరు వేసి, అంతే పరుగున తిరిగొచ్చి పంపు స్టార్టరు నొక్కాను. మోటారు జుయ్యిమంది.

సూపర్‌వైజరమ్మ ఎదురుగా వచ్చి ఏదో అంటోంది. దూది పీకేశాను.

"నేను కాదు మేడం, కరెంటోళ్లు ఆపినారు!"

"తిప్పింది నువ్వే గదన్నా," అని నవ్వింది. "రేపట్నుంచి నువ్వు పర్మినెంటు."

ఇద్దరం నూనె వేడి చూపే ముల్లు చూస్తూ నిలబడ్డాం. ఎంతో సేపటికి డెబ్బైకి దిగింది.

"ఇంగ ఆపన్నా," అంది.

స్టార్టరు మీద చెయ్యి పెట్టాను. గంట నుంచి తెగకుండా తిరుగుతోంది మోటారు. గొట్టంలో నూనె పారుతూనే ఉంది. మా చేన్లో ఒక్క బోరైనా ఒక్క పూట ఇలా పారలేదే అని ఏడుపు తన్నుకొచ్చింది.

"ఇంగో అయిదు నిమిషాలు తిరగనీ మేడం," అన్నాను.