మంజూరు బోదె

ఇస్తామన్నదాన్ని ఇవ్వడం లేదని ఎవరు వెళ్ళి చెప్పాలి?

ఈ ప్రశ్న నాకు మా మేష్టారు ఇచ్చింది. ఇరవై ఏళ్ళు దాటినా నా దగ్గరే ఉండిపోయింది. ఇచ్చినాయన మాత్రం లేరు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్న, ఆఫీసుకి తయారవుతుంటే ఆయన ఎదురింటావిడ ఫోన్ చేసింది.

"మేష్టారు వెళ్ళిపోయేరండి," అంది.

ఎక్కడికని అడగబోయి ఆగాను.

"నిద్దట్లోనేనండి. తలుపు తియ్యకపోతే మావాళ్ళు వెళ్ళి చూసేరు. మీ నంబరు గోడ మీద రాసుందండి. ఇంకెవరి నంబరూ లేదండి."

ఆయనకు పిల్లలు లేరు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. అయినా ఆ గోడ మీద నా ఒక్క నంబరే ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

అమలాపురంలో డిగ్రీ చదివినప్పుడు ఆయన మాకు రాజనీతిశాస్త్రం చెప్పేవారు. పొడుగు మనిషి, కాస్త ముందుకు వంగి నడిచేవారు. బోర్డు మీద తప్పు రాస్తే తుడిచేవారు కాదు. ఒక గీత గీసి, పక్కన సరైనది రాసేవారు. మాలో ఎవరైనా డస్టరు అందుకుంటే, "చెరపకమ్మా, కొట్టెయ్యి. కొట్టేస్తే ఏం కొట్టేసేవో కనబడుతుంది. చెరిపేస్తే అది ఎప్పుడూ లేనట్టే అయిపోతుంది," అనేవారు. రాతకోతల గురించిన మాట అనుకున్నాం.

బడ్జెట్ పాఠం వచ్చేసరికి ఆయన పుస్తకం మూసేసేవారు. ప్రభుత్వం ఖర్చు పెట్టాలంటే శాసనసభ ఒప్పుకోవాలి, పద్దు పద్దుకీ ఓటు పడాలి. అంతవరకూ పుస్తకంలో ఉంది. "మరి ఒకసారి ఒప్పుకున్న ఖర్చుని రద్దు చెయ్యాలంటే?" అని అడిగేవారు.

"కోత తీర్మానం అండి," అన్నాడు మా క్లాసులో ఒకడు.

"అది వడ్డించకముందు వద్దనడం నాయనా. విస్తట్లో వడ్డించేసేక ఎత్తుకుపోవడం గురించి అడుగుతున్నాను నేను."

క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వు ఆగేదాకా ఆగి చెప్పారు. మన దగ్గర దానికి ఓటు అక్కర్లేదు. ఏడాది చివర్న శాఖలు ఖర్చు చెయ్యని సొమ్మును సరెండర్ చేస్తున్నామంటూ ఒక జాబితా పంపుతాయి. సభకు ఆ సంగతి ఎప్పటికో ఆడిట్ నివేదికలో, ఎవరూ తిరగెయ్యని పేజీలో తెలుస్తుంది. కొన్ని దేశాల్లో అలా కుదరదట. రద్దు చెయ్యదలచిన ఖర్చును కారణాలతో సహా మళ్ళీ సభ ముందు పెట్టాలి. గడువు లోపల సభ సరేనంటేనే రద్దు, లేకపోతే ఖర్చు పెట్టి తీరాలి. "ఇవ్వడానికి చెయ్యెత్తినవాళ్ళే తీసుకోడానికీ చెయ్యెత్తాలి. ఆ ఎత్తిన చెయ్యి ఊరికి కనబడాలి," అనేవారు.

ఆ పట్టుదల ఆయనకు పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. ఐనవిల్లి దాటి వెళ్ళి, గోదారి పాయ ఒకటి పడవ మీద దాటితే వాళ్ళ ఊరు. ఆ ఊళ్ళో పొలాలకి నీళ్ళ కోసం తవ్విన బోదె ఒకటుంది, నీళ్ళెరగనిది. దాని పేరు మంజూరు బోదె. ఆనకట్ట కట్టి కాలవలు తవ్వుతున్న రోజుల్లో, కుంపినీ దొరతనం ఇంకా ఉండగానే, ఆ ఊరికి ఒక పిల్లకాలవ మంజూరైంది. అప్పుడు సభా లేదు, ఓటూ లేదు. మద్రాసు నుంచి కాగితం వస్తే అదే శాసనం. కాగితం వచ్చిందని ఊళ్ళో టముకు వేయించారు. ఆ టముకు వేసినాయన మా మేష్టారి తాతకు తాత. ఊరివైపు బోదె తవ్విన కూలీలూ వాళ్ళవాళ్ళే. పాయ మీదుగా నీళ్ళు దాటించే కట్టడం సర్కారు కట్టాలి. అది ఎక్కడో, ఎవరి చేతిలోనో రద్దయింది. ఆ కబురు మాత్రం ఊరికి రాలేదు. ఏటా ఎండాకాలంలో బోదెలో తుప్పలు కొట్టి, పూడిక తీసి, నీళ్ళ కోసం ఎదురుచూసేవారట.

"అందరూ మా తాతకు తాతనే అడిగేవారటమ్మా," అని చెప్పారొకసారి మేష్టారు. "కాగితం పంపిన దొర కనబడడు కదా. టముకు వేసినవాడు రోజూ కనబడతాడు. నీళ్ళేవిరా, నువ్వేగా చాటేవు అనేవారట. పొలాలు మావి కావు. నీళ్ళొచ్చినా మాకు దక్కేది కూలే. మాట మాత్రం మాదైపోయింది. పోయేవరకూ ఆయన ఆ వీధిలో తలెత్తుకు నడవలేదట."

ఆ తరవాతి తరాల్లో వాళ్ళ కుటుంబం క్రైస్తవంలోకి వచ్చింది. ఆయన తాత మిషను బళ్ళో అక్షరాలు దిద్దారు, తండ్రి బడిపంతులయ్యారు, ఈయన కాలేజీకొచ్చారు. బోదె మాత్రం ఆ పేరుతోనే ఉంది. రద్దు కబురు చెప్పినవాళ్ళు లేక పేరు మారలేదని మేష్టారు అనేవారు.

ఏటా మా క్లాసును శాసనసభ చేసి, ఆ కాలవ రద్దు తీర్మానం పెట్టించేవారు. ఒక ఏడు ఆర్థికమంత్రిని నేను. ఆనకట్టకే డబ్బు చాలదని, ముందు పెద్ద కాలవలని, బాగానే వాదించి గెలిచాను. "బాగా గెలిచేవమ్మా. ఇప్పుడు ఊళ్ళోకి వెళ్ళి చెప్పిరా," అన్నారు. హాస్యం అనుకున్నాను. ఆదివారం నిజంగానే పడవ ఎక్కించారు. మొదటి గుమ్మం ఆయన ఎదురింటివాళ్ళది. ఆవిడ అప్పుడు కొత్తకోడలు.

"మీ కాలవ రద్దు చేసేనండి," అన్నాను, చెమటలు కక్కుతూ.

"ఆయ్," అందావిడ. "అయితే తవ్వడం మానేస్తాం లెండి. మజ్జిగ తాగుతారా?"

మేష్టారు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. కానీ రెండో ఇంటికీ, మూడో ఇంటికీ కూడా తీసుకెళ్ళారు.

తరవాత నేను ఎమ్మే చదివి, రాజధానిలో ఖర్చుల లెక్కలు చూసే ఒక ఆఫీసులో చేరాను. ప్రతి ఆదివారం సాయంత్రం ఆయన ఫోన్ వచ్చేది. నాలుగేళ్ళ కింద ఒక ఆదివారం, "పద్దులో చూసేనమ్మా. మా పాయ మీద వంతెన. ఊరి పేరు కూడా తప్పు లేకుండా వేసేరు," అన్నారు. ఆ గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు.

"ఊళ్ళో చెప్పేరా మేష్టారూ?"

"మైకు పెట్టి మరీ చాటేరమ్మా."

మరుసటి ఏడు ఫిబ్రవరి చివర్లో, సరెండర్ చెయ్యడానికి మొదలవని పనుల జాబితా తయారుచెయ్యమని ఫైళ్ళు నాకిచ్చారు. "టెండరు పిలవలేదా, రాసెయ్యడమే మేడమ్. చదువుతూ కూర్చోకండి," అన్నారు మా పై అధికారి. నేను చదివాను. ఆ ఊరి పేరు ఉంది. రాశాను. ఆ ఒక్క వరస వదిలేస్తే ఏమయ్యేది? ఇంకెవరో పట్టుకుని చేర్చేవారేమో. ఎవరూ పట్టించుకోకపోదురేమో. పై అధికారిని అడిగి చూసి ఉండొచ్చు. అడగలేదు.

ఆ ఆదివారం ఫోన్ మోగింది. "ఏమ్మా, అన్నం తిన్నావా?" అన్నారు. తిన్నానన్నాను. ఎండల గురించీ, ఆయన మోకాళ్ళ గురించీ పావుగంట మాట్లాడుకున్నాం. వంతెన సంగతి నేను చెప్పలేదు.

ఆయనా అడగలేదు. ఆ వారమే కాదు, ఆ తరవాత మూడేళ్ళలో ఒక్కసారి కూడా. పెద్దతనం కదా, మరిచిపోయి ఉంటారనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి.

ఆయన పేర పెట్టిన ఆదరణ కూడికకు వెళ్ళాను. ప్రార్థన అయ్యాక ఆయన ఇంటి ముందే భోజనాలు పెట్టారు. వచ్చినవాళ్ళలో నాకు తెలిసింది ఎదురింటావిడ ఒక్కతే. జుట్టు సగం నెరిసింది. నా పక్కనే కూర్చుంది. ఇంక ఆపుకోలేకపోయాను.

"మీకో సంగతి చెప్పాలండి. పాయ మీద వంతెన అన్నారు చూడండి, అది..."

"రద్దైపోయింది కదండీ. తెలుసండి."

"ఎవరు చెప్పేరు?"

"మేష్టారేనండి. మూడేళ్ళయింది, ఉగాది ముందర. ఇంజనీర్ల ఆఫీసుకెళ్ళి కనుక్కునొచ్చేరంటండి. మండుటెండలో ఇంటింటికీ తిరిగేరు. మీరు కూర్చోండి, నేను మైకులో చెప్పేస్తానని మా ఆయన అంటే ఒప్పుకోలేదండి. గుమ్మం గుమ్మం ఎక్కి, వంతెన రాదు, దాని మీద ఆశ పెట్టుకోకండి అని చెప్పేరు. కొంతమంది ఆయన్నే నానా మాటలూ అన్నారండి. అననిచ్చేరు."

"ఎవరు రద్దు చేసేరని అడగలేదా?"

"అడక్కేం. కాగితం అన్నారు. కాగితానికి చేతులుంటాయాండీ మేష్టారూ అని మా ఆయన ఎగతాళి చేసేడు. ఆయన పక్కింటికి వెళ్ళిపోయేరు."

ఆయన ఆ పద్దు ఎక్కడిదాకా వచ్చి ఎవరి బల్ల మీద ఆగుతుందో ఎరిగిన మనిషి. ఏటేటా క్లాసులో బొమ్మ గీసి చూపించేవారు. నేను ఏ బల్ల దగ్గర కూర్చుంటానో కూడా ఆయనకు తెలుసు. ఆ జాబితా రాసింది నేనేనని తెలుసో లేదో మాత్రం చెప్పలేను.

"ఆ చెయ్యి నాదేనండి," అన్నాను.

ఆవిడ అన్నంలో ఆగిపోయిన నా చేతినే కాసేపు చూసింది. "తినండి. చల్లారిపోతోంది," అంది. లేచి, అవతలి వరసలోవాళ్ళకి పులుసు వడ్డించడానికి వెళ్ళిపోయింది. మళ్ళీ నా దగ్గరకు రాలేదు.

తిరుగు పడవలో నేనొక్కదాన్నే. పడవాయన గెడ పట్టుకుని, వెంటనే తొయ్యకుండా, గట్టు మీది దారి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇంకెవరైనా వస్తారేమోనని. నేనూ అటే చూశాను. ఎవరూ రాలేదు. పడవ కదిలింది.

ఆ మూడేళ్ళ ఆదివారాలూ మేష్టారు నన్ను కాచారో, నా నోటితో నేనే చెబుతానని కాచుకున్నారో, ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోతున్నాను.