నర్సక్క ఇచ్చిన చీర కొస

కొత్త పట్టుచీర విప్పి ఒక్కసారి దులిపితే ఫట్‌మని చప్పుడొస్తుంది. వెంటనే కలరా ఉండల వాసన గుప్పుమంటుంది. మా షోరూంలో రోజుకు వందసార్లు జరిగేదే ఇది. అయినా ఆ చప్పుడూ వాసనా కలిసి వచ్చినప్పుడల్లా నాలో నేనే నవ్వుకుంటాను. మేడమ్‌కు ఏమైందోనని షోరూంలో పనిచేసే పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. నాకు నర్సక్క గుర్తొచ్చిందని వాళ్లకేం తెలుసు?

పన్నెండేళ్ల కిందట నేను హైదరాబాద్ పత్తర్‌గట్టిలో ఒక పాత చీరల దుకాణంలో పనికి కుదిరాను. నర్సక్క అక్కడ మా అందరికంటే పెద్దది, యజమాని సేఠ్ వాళ్ల నాన్న కాలం నుంచి ఉన్న మనిషి. పొట్టిగా, గుండ్రంగా, బుగ్గన ఎప్పుడూ వక్కపలుకుతో ఉండేది. సేఠ్ వ్యాపారంలో దిట్ట, నోరు మాత్రం మహా చెడ్డది. నోటికంటే చెడ్డది ఆయన చేతిలోని ఇనుప మీటరు బద్ద. కోపమొస్తే దాన్ని కౌంటర్ మీద ఫెడేల్మని కొట్టి, కొనడానికొచ్చిన గిరాకీల ముందే "దిమాగ్ ఉందా లేదా?" అని అరిచేవాడు. నాకు చీరలంటే ప్రాణం. కానీ చేరిన ఆర్నెల్లకే ఇంట్లో గిన్నె మూత కింద పడినా ఉలిక్కిపడే దశకొచ్చాను. నిద్రలో లేపి అడిగినా చెప్పగల రంగుల పేర్లు సేఠ్ ఎదుట గుర్తొచ్చేవి కావు. ఇంత ఇష్టమైన పని ఆ బద్ద వల్ల మానేయాల్సి వస్తుందేమోనని కుమిలిపోయేదాన్ని.

మొదటిసారి తిట్లు తిన్న రోజు మూలకు పోయి నిలబడ్డాను. నర్సక్క విప్పిన చీర ఒకటి తెచ్చి, ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస తాను పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"గట్టిగ గుంజి పట్టు సునీతా. ఇయ్యాల ఏం కూర ఒండినవ్?"

"టమాట పప్పు," అన్నాను ఏడుపు మింగుకుంటూ.

"టమాట పప్పుకు గింత ఏడుస్తరా? ఉప్పెక్కువైందా ఏంది?"

నవ్వొచ్చేసింది. మడత వేయడానికి ఒకరికొకరం ఎదురు నడిచి కొసలు కలిపేటప్పటికి నా చేతుల వణుకు తగ్గింది. ఆ తర్వాత గమనించాను, తిట్లు తిన్నవాళ్లెవరికైనా ఆమె ఇచ్చే మందు అదే. చీర కొస, ఏం కూర. ధైర్యంగా ఉండమని ఎందుకు చెప్పవక్కా అని ఓసారి అడిగాను.

"ధైర్యం జెప్తె చెవులల్లకే పోతది బిడ్డా. వణికేటివి చేతులు గదా, చేతులకే పని జెప్పాలె," అంది.

పెళ్లిళ్ల రోజుల్లో ఒక మధ్యాహ్నం ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల వ్యాపారం చేసేవాళ్ల ఇంటి నుంచి పెళ్లికూతురి తల్లి వచ్చింది. ఎర్ర పట్టుచీర నచ్చింది, జాకెట్ ముక్క కత్తిరించి ఇమ్మంది. నేను కత్తెర పట్టుకుని జాకెట్ ముక్క ఉన్న కొస వెతుకుతుండగా వెనక బద్ద ఫెడేల్మంది. "ఎంతసేపు?" అని సేఠ్ అరుపు. ఉలిక్కిపడ్డాను. చేతికందిన కొసను కత్తిరించేశాను. తీరా చూస్తే అది కొంగు! నిండు జరీ కొంగు చీర నుంచి విడిపోయి నా ఒళ్లో పడింది.

సేఠ్ బద్ద ఎత్తుకుని వచ్చాడు. కొడతాడనే అనుకున్నాను. ఇద్దరి మధ్యకు నర్సక్క వచ్చింది. కొంగులేని ఆ చీరనే దులిపి, ఒక కొస ఆయన ముందుకు చాపింది.

"సేఠ్, జర గీ కొస పట్టుండ్రి."

చిన్నప్పటి నుంచి దుకాణంలో పెరిగిన చేతులు. చీర కొస కనబడితే అవి యజమానిని అడగవు. బద్ద కింద పెట్టి పట్టుకున్నాడు!

"ఇయ్యాల ఇంట్ల ఏం కూర సేఠ్?"

సేఠ్ తిట్టడానికే నోరు తెరిచాడు. చివరికి, "బెండకాయ," అన్నాడు.

పెళ్లికూతురి తల్లి ఫక్కున నవ్వింది. మడత కోసం ఎదురు నడిచి దగ్గరకొచ్చాక నర్సక్క నెమ్మదిగా అంది: "పిల్ల చేతులు జూడుండ్రి, ఇంకా వణుకుతున్నయి. ఆరు నెలల కింద వచ్చినప్పుడు గిట్ల లేకుండె. కత్తెర ఆమెదే, వణుకు మీది."

సేఠ్ నా చేతుల వైపు చూశాడు. నీళ్లడిగి తాగాడు.

ఆయన ఆ రోజుతో దేవుడైపోయాడని చెబితే అబద్ధమే. నోరు కొన్నాళ్లు అలాగే ఉంది. కానీ మర్నాడు కౌంటర్ మీద బద్ద లేదు, దాని చోట గుడ్డ టేపు ఉంది. పెళ్లివారు ఇంకో చీర తీసుకున్నారు. కొంగు పోయిన చీరతో దర్జీ చిన్నపిల్లల లంగాలు కుడితే వారం తిరక్కుండా అమ్ముడుపోయాయి. "మల్ల ఒకటి కోస్తవా బిడ్డా?" అని నర్సక్క నన్ను ఏడాదిపాటు ఏడిపించింది. నేను పని మానలేదు.

నర్సక్క పోయి రెండేళ్లయింది. ఇప్పుడు నేను ఇంకో షోరూంలో ఇన్‌ఛార్జిని. మొన్న బిల్లు వేయడంలో ఆలస్యమైందని మా దగ్గర పనిచేసే షాహీన్ మీద గిరాకీల ముందే గొంతు చించుకున్నాను. కాసేపటికి ఆ పిల్ల చీర ఒకటి దులిపి ఒక కొస నాకు అందించింది. నేనే వాళ్లకు నేర్పిన పని అది.

"పట్టుండ్రి మేడమ్. ఏం కూర ఇయ్యాల?"

పట్టు మెరుపులో ఆమె వేళ్ల వణుకు కనబడింది. ఆ వణుకు నాది.

"బెండకాయ," అన్నాను. నిజంగానే ఆ రోజు బెండకాయ.