నాన్న కట్టిన ఎర్ర ట్యాగు

దయ్యాలున్నాయని ఎవరైనా చెబితే నాకు ఒళ్లు మండుతుంది. భిలాయ్ ఉక్కు ప్లాంటులో మీటర్లు, సెన్సర్లు బాగుచేయడం నా ఉద్యోగం. అంకె తప్పు చూపిస్తే వైరో, ఫ్యూజో, మనిషో కారణం. ఈ సంగతి కూడా అలాగే తేలుతుందని ఏడాదిగా ఎదురుచూస్తున్నాను. తేలలేదు.

నాన్నకు తెరచాప పడవ ఉండేది. విశాఖలో పాతసామాను కింద అమ్మేస్తుంటే కొని, లారీ మీద సెక్టర్ 7లోని మా క్వార్టరుకు తెచ్చాడు. ఆదివారం వస్తే ఊరి పక్క మరోదా జలాశయంలోనే. నన్ను చూడ్డానికి పెళ్లివారు వచ్చిన రోజు కూడా ఆయన నీళ్లమీదే ఉన్నాడు. అది నేను మరిచిపోలేదు, క్షమించనూ లేదు.

ఆయన పోయిన రెండేళ్లకు అన్నయ్య ఆ పడవకు లోతు చూపించే కొత్త స్క్రీను కొన్నాడు. వదిననూ పిల్లలిద్దరినీ ఎక్కించుకుని మరోదాలో తిప్పాలని సరదా. నీటి లోతు కొలిచే పాత మీటరును ఆ స్క్రీనుకు కలిపే పని నాకు అంటగట్టాడు. పాతదాని సిగ్నలు కొత్తదానికి అర్థం కాదు. మధ్యలో చిన్న కన్వర్టరు పెట్టాలి.

పాత మీటరు స్విచ్చికి ఎర్ర ట్యాగు కట్టి ఉంది. ప్లాంటువాళ్లకు అదేమిటో చెప్పక్కర్లేదు. మరమ్మతు ఉన్నచోట స్విచ్చి ఆపి, పేరు రాసి కడతారు. కట్టినవాడే విప్పాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు. దానిమీద నాన్న పేరు, పోవడానికి వారం ముందు తేదీ ఉన్నాయి. కారణం రాయాల్సిన గీత ఖాళీ. అదే ప్లాంటులో కారణం రాయనివాళ్లను ముప్పై ఏళ్లు చెడామడా తిట్టిన మనిషి!

"ఏటే, ఇంకా చూస్తన్నావు? నాన్న లేచొచ్చి ఇప్పుతాడేటి? ఛోడ్ నా, కోసీ" అన్నాడు అన్నయ్య.

ఆ కోపంలోనే కోసేశాను. పదకొండేళ్ల సర్వీసులో ఇంకొకరి ట్యాగు ముట్టుకోవడం అదే మొదలు.

పట్టపగలు. పడవ పెరట్లో ట్రాలీ మీద ఉంది. మీటరును, కన్వర్టరును, స్క్రీనును వరసగా కలిపాను. పడవ అడుగున బిగించిన సెన్సరు వైరు మాత్రం ఇంకా కలపలేదు, నా ఒళ్లోనే ఉంది. ముందు కరెంటు వస్తోందో లేదో చూద్దామని స్విచ్చి వేశాను. సెన్సరు లేనప్పుడు స్క్రీను మీద ఉత్త గీతలు రావాలి. 4.1 మీటర్లు అని వచ్చింది.

ఉత్తుత్తి అంకెలు చూపే డెమోలో ఉందేమోనని చూశాను, లేదు. కన్వర్టరు వైరు పీకేశాను. అంకె పోలేదు. 3.6. 2.9. మెల్లగా తగ్గుతోంది.

"తెచ్చిందే ఖరాబు మాలు అన్నయ్యా!" అని అరిచాను. అన్నయ్య స్క్రీనునే చూస్తున్నాడు. 1.2. 0.4. సున్నా. ఆ తర్వాత గీతలు.

ఒళ్లు మండి, సెన్సరునే ఊడబీకుదామని పడవ కిందికి దూరాను. రంగు పైకి బాగానే ఉంది. స్పానరు ఆనించగానే చిట్లింది. లోపలి చెక్క పిండిలా రాలి, అరచెయ్యి పట్టేంత కన్నం పడింది. నీళ్లలోకి దించి ఉంటే ఆ సెన్సరు జలాశయం మధ్యలో ఊడి, ఆ కన్నంలోంచి నీళ్లెక్కి పడవ మునిగేది. పిల్లలిద్దరికీ ఈత రాదు.

పడవ మునుగుతుంటే దాని కింద లోతు తగ్గుతూ వస్తుందని అన్నయ్యకు నేను చెప్పనక్కర్లేకపోయింది. అప్పటికే పడవ కదలకుండా ట్రాలీ చక్రాలకు ఇటుకలు అడ్డం పెడుతున్నాడు.

స్క్రీనును విప్పి చూశాను. సీనియర్లిద్దరికి చూపించాను. లోపం లేదు. సెన్సరు లేకుండా ఎన్నిసార్లు వేసినా మళ్లీ గీతలే వస్తున్నాయి.

నా కోపం మాత్రం తగ్గలేదు. చెక్క పుచ్చిందని నాన్నకు తెలుసు. ఒక్క ముక్క రాస్తే ఆయన సొమ్మేం పోయేది? కోసిన ట్యాగును ముడేసి మళ్లీ అక్కడే కట్టాను. ఖాళీ గీత మీద కారణం నేనే రాశాను. రాస్తున్నంతసేపూ ఆయన్ని తిడుతూ ఏడ్చాను.

తప్పు ఎక్కడుందో పట్టుకోవడమే నా బతుకుతెరువు. ఆ నాలుగు మీటర్ల నీళ్లు మా పెరట్లోకి ఎక్కడినుంచి వచ్చాయో ఈ రోజుకీ చెప్పలేను.