కాలేయం ఏ పక్క?

ఆ బడిలో పిల్లలు ఆమెను బొమ్మల టీచర్ అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. తండ్రి దుకాణాలకు బోర్డులు రాసే పెయింటరు. చిన్నప్పుడు ఆయన ఎక్కిన నిచ్చెన కింద రంగు డబ్బా పట్టుకుని నిలబడి, గీత వణక్కుండా ఎలా లాగాలో చూసి నేర్చుకుంది. జీవశాస్త్రం టీచరయ్యాక ఆ చేతి వాటమే ఆమెకు పేరు తెచ్చింది. తొలి గంట కొట్టకముందే వచ్చి, రంగు సుద్దలను చక్కెర నీళ్ళలో నానబెట్టి, నల్లబల్ల మీద ఒక మూత్రపిండమో కంటిగుడ్డో వేసిందంటే తడి ఆరేసరికి రంగులు నిగనిగలాడేవి. తర్వాత పీరియడుకు వచ్చే లెక్కల మాస్టారికి దాన్ని చెరపడానికి చెయ్యి రాదు. మిగిలిన మూలలోనే లెక్కలు ఇరికించుకుని వెళ్ళిపోయేవాడు.

తొమ్మిదో తరగతి ఆమెది. ఎవరూ రాసివ్వలేదు, అయినా ఆమెదే. తొమ్మిదిలో ఆమె బొమ్మలు దించుకున్న పిల్లలు పెద్ద పరీక్షల్లో బొమ్మలకు అర మార్కు కూడా పోగొట్టుకోరని బడి అంతా నమ్మకం.

అలాంటి చోటికి తోటికోడలు వచ్చింది. మరిది పెళ్ళి చేసుకుని తెచ్చిన అమ్మాయి అదే సైన్సు చదివింది, ఉద్యోగం వెతుక్కుంటోంది. బడిలో ఖాళీ ఉందని హెడ్మాస్టరుకు చెప్పి పెట్టించింది బొమ్మల టీచరే. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా తన చెంప తానే వాయించుకోవాలనిపిస్తుంది ఆమెకు.

చిన్నకోడలు నల్లబల్ల దగ్గర నిలబడదు. పిల్లలను నేల మీద గుంపులుగా కూర్చోబెడుతుంది. అట్టపెట్టెలు, సీసా మూతలు, చిరిగిన గొడుగులు ఏవి కనపడినా పోగేసుకొస్తుంది. ఫోను కెమెరా మీద ఒక నీటి చుక్క నిలబెట్టి ఉల్లిపొరను గోడంత చేసి చూపిస్తుంది. పిల్లలు ఆమెకు అట్టల టీచర్ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టడంలోనే ఎంత ముద్దుందో బొమ్మల టీచరుకు తెలియకపోలేదు.

ఇద్దరి తరగతి గదులకూ మధ్య ఒకటే గోడ. బొమ్మల టీచర్ గదిలో సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. ఒకప్పుడు అదే ఆమె గర్వం. ఇప్పుడు ఆ నిశ్శబ్దంలో అవతలి గది నవ్వులు స్పష్టంగా వినపడుతున్నాయి. ఒక్కో నవ్వుకూ ఆమె ఒళ్ళు చిమచిమలాడేది. ఆ గదికి వెళ్ళి గొడవ తగ్గించమని చెప్పవచ్చు. చెప్తే తాను వింటున్నట్టు తెలిసిపోతుంది.

ఇంట్లో కూడా ఆమెకు ఊపిరాడలేదు. అత్తగారికి పాత కుట్టుమిషనంటే ప్రాణం. ఇన్నేళ్ళలో పెద్దకోడలు బడిలో ఏం చేస్తుందని ఆవిడ ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. చిన్నకోడలు వచ్చాక మాత్రం దాని పాఠాల కోసం ఆవిడే పాత దిండుగలీబులు కత్తిరించి గుడ్డ పేగులు కుడుతోంది.

"పేగు ఇంత పొడవుంటుందటే అమ్మాయ్," అంది ఒకరోజు, మిషను తొక్కుతూనే. "ఇల్లంతా చుట్టొచ్చేలా ఉంది. ఈ సంగతి నువ్వెప్పుడూ చెప్పలేదేం?"

"మీరెప్పుడూ అడగలేదత్తయ్యా."

"దాన్నీ అడగలేదులే. కుట్టిపెట్టమని తెచ్చి ఒళ్ళో పడేసింది."

ఆ మాటకు పెద్దకోడలు చేతిలో గ్లాసు కాస్త గట్టిగానే బల్ల మీద పెట్టింది.

సంవత్సరం చివరికొచ్చేసరికి హెడ్మాస్టరు ఆమెను గదికి పిలిచి, కళ్ళజోడు తుడుచుకుంటూ నసిగాడు. "వచ్చే ఏడు తొమ్మిది ఎవరికిద్దామా అని ఆలోచిస్తున్నానమ్మా. మీ చెల్లెలి గురించి పిల్లల తల్లిదండ్రులు కూడా అంటున్నారు. రేపు మీ తొమ్మిదిలోనే ఆవిడ ఒక పాఠం చెప్తుంది. జీర్ణవ్యవస్థ. నేను వచ్చి కూర్చుంటాను. మీరూ రండి. చూశాక చెప్తాను."

"మా చెల్లెలు కాదు సార్, తోటికోడలు," అంది ఆమె.

జీర్ణవ్యవస్థ ఆమె వేసే బొమ్మలన్నిటిలో మేలైనది. మర్నాటి పాఠానికి తన బొమ్మ బల్ల మీద ఉండి తీరాలని ఆ సాయంత్రమే వేసి వచ్చింది. ముదురు ఎరుపు కాలేయం, దాని కిందకు ఒదిగిన జీర్ణాశయం, చుట్టలు చుట్టుకున్న పేగులు. ఎవరొచ్చి ఏం ఆడినా వెనక ఇది ఉంటుంది.

ఇంటికి వచ్చేసరికి కుట్టుమిషను మీద ఒక ఏప్రను వేలాడుతోంది. మందపాటి గుడ్డ మీద స్పాంజితో చేసిన అవయవాలు కుట్టి ఉన్నాయి. ఎవరూ చూడటం లేదు కదా అని ఆమె దాన్ని మెడలో వేసుకుని నడుం దగ్గర ముడి వేసుకుంది. తల వంచి చూసుకుంది. కాలేయం ఎడమ చేతి వైపుంది.

మరోసారి చూసింది. ఎడమ వైపే. ఉండాల్సింది కుడి వైపు.

ఎన్నాళ్ళ తర్వాతో ఆమెకు గుండె తేలికైంది. అట్టల టీచరుకు కుడి ఎడమలు తెలియవు. రేపు హెడ్మాస్టరు ముందు తెలుస్తుంది.

"నీకు బాగా నప్పిందే," అంటూ అత్తగారు దారం కండె పట్టుకుని వచ్చింది. ఆమె గబగబా ముడి విప్పింది.

"ఇవి ఎక్కడ కుట్టాలో ఎవరు చెప్పారత్తయ్యా మీకు?"

"పిల్లలే సుద్దతో గుర్తులు పెట్టిచ్చారట. నేను గుర్తుల మీద కుట్టాను. నాకేం తెలుసు."

తల తుడుచుకుంటూ చిన్నకోడలు గుమ్మంలోకి వచ్చింది. "ఎలా ఉందక్కా?"

బొమ్మల టీచర్ ఏప్రను మడిచి మిషను మీద పెట్టింది. "బాగానే ఉంది," అంది.

మర్నాడు తొమ్మిదో తరగతి వెనక రెండు కుర్చీలు వేశారు. ఒకదానిలో హెడ్మాస్టరు, రెండోదానిలో ఆమె. చిన్నకోడలు క్లాసులో అందరికన్నా పొడుగ్గా ఉండే కుర్రాడికి ఏప్రను కట్టి, నల్లబల్ల పక్కన పిల్లలకు ఎదురుగా నిలబెట్టింది.

"చూడండి, సరిగ్గా ఉందా?"

"పొట్ట కొంచెం లోపలికి లాగరా," అన్నాడొకడు. క్లాసు నవ్వింది. ముందు బెంచీలో కళ్ళద్దాల పిల్ల మాత్రం నవ్వలేదు. బల్ల వైపు, కుర్రాడి వైపు మార్చి మార్చి చూసింది.

"టీచర్, బోర్డు మీద లివర్ కిటికీ వైపుంది. వీడిది తలుపు వైపుంది."

వెనక కుర్చీలో బొమ్మల టీచర్ నిటారుగా కూర్చుంది. ఇప్పుడు తోటికోడలి ముఖం ఎలా మాడుతుందో చూడాలి. ఆ ముఖం మాడలేదు.

"అవును కదా. అయితే తప్పు ఎవరిది? బోర్డుదా, వీడిదా?"

"బొమ్మల టీచర్ బొమ్మ తప్పెందుకవుతుంది?"

"వీడికే లివర్ జారి అటు పోయుంటుంది."

చిన్నకోడలు కళ్ళద్దాల పిల్ల చేతికి ట్యాబ్ ఇచ్చింది. గోడ మీద తెరపై ఒక మనిషి బొమ్మ వచ్చింది, చర్మం లేకుండా, లోపలి అవయవాలన్నీ కనపడుతూ. వాడు క్లాసుకు ఎదురుగా నిలబడ్డాడు. వాడి కాలేయం కిటికీ వైపే ఉంది, బోర్డు మీద ఉన్నట్టే.

"ఇప్పుడు వాణ్ణి మనలాగా నిలబెట్టు," అంది చిన్నకోడలు.

పిల్ల వేలితో తిప్పింది. తెర మీది మనిషి మెల్లగా అటు తిరిగి క్లాసుకు వీపు పెట్టాడు. కాలేయం తలుపు వైపుకు వచ్చేసింది. అందరూ తమ పొట్టలు తడుముకోవడం మొదలుపెట్టారు. "కుడి చేతి పక్కరా," అని ఎవరో అన్నారు. "అయితే మనకు లివర్ కుడి వైపుంది." హెడ్మాస్టరు చెయ్యి ఎడమ డొక్క మీద ఉండటం బొమ్మల టీచర్ గమనించింది. ఆయన ఎవరూ చూడకుండా దాన్ని కుడి వైపుకు జరుపుకున్నాడు.

"మరి ఏప్రను మీద మీరంతా ఎడమ వైపు ఎందుకు గుర్తు పెట్టారు?"

"నోట్సులో దించుకున్న బొమ్మలో ఎడమ పక్కనుంది కాబట్టి," అంది కళ్ళద్దాల పిల్ల. తర్వాత వెనక్కి తిరిగి, ఏ కపటమూ లేకుండా అడిగింది. "మీరు పదికి పది వేశారు కదా టీచర్?"

వేసింది. బొమ్మలో తప్పు లేదు. బొమ్మ మనకు ఎదురుగా నిలబడుతుందని వీళ్ళకు ఒక్క ముక్క చెప్పాలని ఆమెకెప్పుడూ తోచలేదు. ఇన్నేళ్ళుగా అందరూ పదికి పది తెచ్చుకుని, కాలేయం ఎడమ పక్క ఉందనుకుంటూ బడి దాటి వెళ్ళిపోయారు. ఆమె ఆ పిల్లకు అవునన్నట్టు తలూపింది.

పాఠం అయ్యాక వరండాలో హెడ్మాస్టరు మాటలు కూడదీసుకున్నాడు. "తొమ్మిది ఆవిడకిద్దామమ్మా. మీకు ఎనిమిది. ఏమంటారు?"

"మీ ఇష్టం సార్."

ఇంటికి ఎప్పటిలాగే చిన్నకోడలి స్కూటరు మీద, వెనక కూర్చుని బయలుదేరింది. సగం దారిలో అడిగింది.

"నీకు నిన్ననే తెలుసా?"

"పిల్లలు గుర్తులు పెట్టినప్పుడే తెలుసక్కా. వాళ్ళకే దొరకాలని ఊరుకున్నా."

కొంత దూరం పోయాక చిన్నకోడలు మళ్ళీ అంది, ముందుకు చూస్తూనే. "నీకూ తెలుసుగా. కట్టుకుని చూశావని అత్తయ్య చెప్పింది."

బొమ్మల టీచర్ సీటు అంచు గట్టిగా పట్టుకుంది.

"చెప్తావేమో అనుకున్నా," అంది చిన్నకోడలు. "పొద్దున బండి తీసేదాకా చూశా."

"చెప్తే మార్చేదానివా?"

"మార్చేదాన్ని కాదు. చెప్పావన్న సంతోషం ఉండేది, అంతే."

చిన్నకోడలి గొంతులో కోపం లేదు. కోపం ఉండుంటే తానూ ఎదురు ఏదో ఒకటి అనేసి కడుపులో బరువు దింపుకునేది. తిట్టకపోవడం కూడా దీనికే చేతనవుతుందా అనిపించి, ఇల్లు వచ్చేదాకా కళ్ళు మండుతూనే ఉన్నాయి.

సెలవుల తర్వాత ఎనిమిదో తరగతి మొదలైంది. ఆమె ఎరుపు సుద్ద తీసుకుని బల్ల మీద కాలేయం వంపు మొదలుపెట్టింది. ఒక జానెడు గీసి ఆగింది. సుద్ద కింద పెట్టి పిల్లల వైపు తిరిగింది.

"అందరూ లేచి మీ లివర్ మీద చెయ్యి పెట్టండి."

పిల్లలు తెల్లబోయారు. తర్వాత చేతులు కదిలాయి. ఎడమ డొక్క మీద, ఛాతీ మీద, బొడ్డు మీద. ఒకడు మెడ పట్టుకున్నాడు. ఇంకొకడు ఎందుకైనా మంచిదని పక్కవాడి పొట్ట మీద పెట్టాడు. ఆమెకు నవ్వు ఆగలేదు. పాఠం మధ్యలో తాను నవ్వడం ఎప్పుడో గుర్తు రాలేదు ఆమెకు. ఆ వెంటనే లోపల చురుక్కుమంది. గోడ అవతల తోటికోడలు రోజూ అనుభవించింది దీన్నే. తాను ఇవతల కూర్చుని వింటున్న ఏడాది పొడుగునా.

"ఎటు టీచర్?" అడిగాడు మెడ పట్టుకున్నవాడు.

జవాబు నాలుక చివర దాకా వచ్చింది. ఆమె దాన్ని మింగింది. పక్క గదిలో తొమ్మిదో తరగతి గొల్లుమని నవ్వింది. ఆమె వెళ్ళి తలుపు మూసి వచ్చింది.

"నేను చెప్పను," అంది. "బెంచీలు వెనక్కి జరపండి."