క్రేను ఆపిన బావమరిది

ఆ సైటులో అతన్ని అందరూ చేతులాయన అనేవాళ్లు. నోట్లో నాలుక లేని మనిషి, రోజంతా చేతులతోనే మాట్లాడేవాడు మరి. కింద నిలబడి అతను చెయ్యి ఎత్తితే క్రేను బరువు ఎత్తుతుంది, దించితే దించుతుంది. రెండు చేతులూ అడ్డంగా చాపాడా, ఎక్కడిదక్కడ ఆగిపోవాలి. ఆ చేతులు చూడకుండా క్రేను నడపకూడదు. పైన కూర్చుని నడిపేది ఎవరో కాదు, సాక్షాత్తూ అతని అక్క మొగుడు.

పొద్దున్నే గేటు దగ్గర సేఫ్టీ ఆఫీసరు వచ్చిన ప్రతివాడి చేతా, తాగొచ్చాడో లేదో చెప్పే మిషన్ గొట్టంలో ఊదించేవాడు. ఎర్ర లైటు వెలిగితే ఇంటికే. మేస్త్రీ అయినా ఇంజనీరైనా ఊదాల్సిందే, ఒక్క బావ తప్ప. క్రేను మనిషి అందరికంటే ముందొచ్చి నిచ్చెన ఎక్కేయాలి, ఆ వేళకి మిషన్ ఇంకా బీరువాలోనే నిద్రపోతుంటుంది. తర్వాత దాన్ని పట్టుకుని అంతెత్తు ఎక్కే మొనగాడెవడు?

బావ రాత్రిళ్లు తాగుతాడని చేతులాయనకి తెలుసు. ఈ మధ్య తెల్లారినా మత్తు దిగడం లేదనీ తెలుసు. చెబితే అక్క కాపురం వీధిన పడుతుంది. చెప్పకపోతే ఎవరి నెత్తిన ఏం పడుతుందో. ఆ దిగులుతో అతనికి ముద్ద దిగేది కాదు.

ఆ రోజు ఇనుప కడ్డీల కట్ట కిందికి వస్తోంది. అతను చేతులు చాపాడు. కట్ట ఆగలేదు. కింద చెక్కలు బిగిస్తున్న ఇద్దరు పక్కకి దూకారు కాబట్టి సరిపోయింది, లేకపోతే వాళ్లిళ్లలో ఏడుపులే. ఎలాగో కట్టని నేలమీద పెట్టించి, మళ్లీ రెండు చేతులూ చాపి అలాగే నిలబడిపోయాడు. సైటు సైటంతా ఆగిపోయింది. ఆఫీసరు ఉరుక్కుంటూ వచ్చాడు.

"ఏమయ్యా, గేటు దాటాక తాగావా? ఊదు."

ఊదాడు. పచ్చ లైటు వెలిగింది.

"మరి చేతులు దించవేం?"

"పైన కూడా ఊదించండి సార్," అన్నాడు తల ఎత్తకుండా.

ఆఫీసరుకి ఒళ్లు మండిపోయింది. వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని, "ముందు కిందికి దిగవయ్యా, ఇప్పుడే దిగు," అని కసిరాడు.

అప్పుడు తట్టింది చేతులాయనకి. అయ్యో, ఎంత పని చేశాడు! తాగిన మనిషిని క్రేను మీంచి దించాలనుకున్నాడే గానీ, తాగిన మనిషి ఆ నిచ్చెన ఎలా దిగుతాడన్న ఆలోచనే రాలేదు. పైన అప్పటికే బావ కాలు మెట్టు కోసం గాల్లో తడుముకుంటోంది. నడుముకి బెల్టు కూడా లేదు.

"అక్కడే ఉండు బావా, నేనొస్తున్నా," అని అరిచాడు. జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. గబగబా ఎక్కి, బావ కిందికి చేరి, ఒక్కో పాదం పట్టుకుని ఒక్కో మెట్టు మీద పెడుతూ దించుకొచ్చాడు. మధ్యలో బావ బూటుకాలు అతని వేళ్లమీద పడి అక్కడే ఉండిపోయింది. తీయమని అనలేదు.

"మీ అక్కకి ఏం చెబుతావురా?" అన్నాడు బావ ఏడుపు గొంతుతో.

"ముందు దిగు బావా."

కింద ఊదితే ఎర్ర లైటు. బావ హెల్మెట్ అక్కడే పెట్టేసి గేటు దాటి వెళ్లిపోయాడు. ఇక అతన్ని ఎవరూ క్రేను ఎక్కనివ్వరు.

సాయంత్రం చేతులాయన అక్క ఇంటికి వెళ్లాడు. బావ లోపల గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అక్క తమ్ముడి వేళ్లు చూసి, కూర్చోబెట్టి, వేడినీళ్లతో కడిగి కట్టు కట్టింది.

"నొప్పిగా ఉందా?"

"లేదక్కా."

"ముందు నాతో ఒక్కమాట చెప్పాల్సిందిరా. కాళ్లు పట్టుకునైనా నేనే ఆపేదాన్ని. నలుగురి ముందా దించడం?"

ఎన్నిసార్లు ఆ గుమ్మం దాకా వచ్చి, చెప్పలేక వెనక్కి తిరిగిపోయాడో ఆవిడకి తెలియదు. ఇప్పుడు చెప్పినా ఏం లాభం?

"ఇక మా ఇంటికి రాకు," అంది అక్క, కట్టు ముడి బిగిస్తూ.

గుమ్మం బయట చెప్పులు వేసుకుంటుంటే వేళ్లు సలపడం మొదలుపెట్టాయి.