స్కూటర్ ముందు చోటు, నానమ్మకు రాని హిందీ

నా చిన్నప్పుడు, అంటే ఛత్తీస్‌గఢ్‌కూ నాకూ ఇంకా పాలపళ్ళు ఊడని రోజుల్లో, నాకున్న ఏకైక ఆస్తి మా నాన్న స్కూటర్ మీద ముందు నిలబడే చోటు. తను పనిచేసే సిల్తారా ఫ్యాక్టరీకి సెలవైన ఆదివారం నాన్న అమ్మనూ నన్నూ తెలీబంధా చెరువు దాకా తిప్పేవాడు. నేను హ్యాండిల్ పట్టుకుని నిలబడితే రాయపూర్ మొత్తం నాకే దారి ఇస్తున్నట్టుండేది.

ఒక వేసవిలో నాగ్‌పూర్ నుంచి మా పెదనాన్న కూతురు వచ్చింది. నాకంటే ఏడాది పెద్దది, అయినా నాకంటే పొట్టిది. ఇంట్లో హిందీ, బడిలో ఇంగ్లీషు. తెలుగు మాత్రం రాదు. లెక్క తేలిగ్గా తెమిలితే ‘పీస్ ఆఫ్ కేక్’ అనేది. సినిమాకెళ్ళి ఎన్నాళ్ళయిందో అని అమ్మ హిందీలో అంటే ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అని అందించేది. నాన్న మురిసిపోయి మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేవాడు. ఆ ఆదివారం ముందు చోటు అక్కకిచ్చి, నన్ను తనకూ అమ్మకూ మధ్య ఇరికించాడు. దారి పొడుగునా నాకు కనిపించిన రాయపూర్ అంతా నాన్న చొక్కా వీపే.

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఎవరూ చూడటం లేదని తెలిశాక ముట్టాను.

మర్నాడు మధ్యాహ్నం నానమ్మ చింతపండు గింజలు తీస్తూ మా ఇద్దర్నీ పక్కన కూర్చోబెట్టుకుంది. తాతయ్య రైల్వే ఉద్యోగం వెంట శ్రీకాకుళం నుంచి వచ్చి, ఇక్కడే తల నెరిసిన మనిషి. అక్కతో ఇంగ్లీషు మాటలు చెప్పించమని నాతో అంది. అక్క హిందీలో అర్థం విడమరిచింది. నానమ్మ అమాయకంగా నా వైపు తిరిగి, “నాకు హిందీ తెల్దు గదే గుంటా. ఏటంతందో నువ్వే సెప్పు” అంది.

నేను నోరు తెరిచాను. ఆ పొద్దునే బెండకాయల బండివాణ్ణి హిందీలో ఏడిపించి కొత్తిమీర ఊరికే పట్టుకొచ్చింది ఈవిడే. నానమ్మ గింజల మీంచి తల ఎత్తలేదు. నోరు మూసుకుని దుబాసీ పనిలో చేరాను.

‘పీస్ ఆఫ్ కేక్’ తెలుగు చేస్తే, అది మన నల్లేరు మీద బండి నడకేనంది నానమ్మ. దాన్ని అక్కకు హిందీలో చెప్పబోయి ఇరుక్కున్నాను. నల్లేరు నేనెప్పుడు చూశాను గనక. ‘బ్లూ మూన్’కి ‘అమావాస్యకో పున్నానికో’ అంది. ఇంగ్లీషు వాళ్ళకూ చంద్రుడే దిక్కన్నమాట.

అప్పుడు అక్క నన్ను చూపించి ‘గ్రీన్ విత్ ఎన్వీ’ అని, హిందీలో అర్థం కూడా చెప్పింది. దుబాసీకి తప్పించుకునే దారి ఉండదు. కుళ్ళుతో నేను పచ్చబడిపోయానంటోందని నేనే చెప్పాను.

“ఆళ్ళు పచ్చబడతారా? మనకి కడుపు మండుతాది,” అంది నానమ్మ. “నిన్న స్కూటర్ కాడ నీకు మండిందేటి?”

మండిందన్నాను. ఆ మాటతోనే ఏడుపు వచ్చింది. ఏమంటున్నారని అక్క నా చెయ్యి పట్టుకుని అడిగింది. చెప్పాను. అక్క హిందీలో మెల్లగా అంది: “నేనూ పచ్చగానే ఉన్నా. నానమ్మ ఎప్పుడూ నీతోనే నవ్వుతుంది. నాకు ఒక్క ముక్క అర్థం కాదు.”

ఆ మాటను మాత్రం నానమ్మ నన్ను తెలుగు చెయ్యమనలేదు. చింతపండు చేతులతోనే అక్కను ఒళ్ళోకి లాక్కుంది.

ఆ తర్వాత ముందు చోటుకు వంతులు వేసుకున్నాం. మరుసటి ఏడాదికి నా తల అడ్డమై నాన్నకు రోడ్డు కనబడక, నన్ను వెనక్కి పంపారు. అంత ఏడ్చి సాధించిన ఆస్తి అలా పోయింది.

ఇప్పుడు నయా రాయపూర్ ఆఫీసులో పక్క సీటావిడ గడగడా ఇంగ్లీషు మాట్లాడితే నాకింకా కడుపు మండుతుంది. ఆ జబ్బు తగ్గలేదు. కాకపోతే కుర్చీ దగ్గరకు లాక్కుని, ఆ మాటకు అర్థమేమిటని అడుగుతాను. తెలిసినా అడుగుతాను. ఆ మధ్యాహ్నం నానమ్మకు హిందీ రానట్టే, ఆ కాసేపూ నాకు ఇంగ్లీషు రాదు.